ఫ్రెంచ్ ర్యాప్‌లో వీధి బతుకు: ఆ పాటలు అసలు దేని గురించి?

వీధిబడి | శుక్రవారం, రాత్రి 9:40

ఫ్రెంచ్ ర్యాప్ వినేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో తెలియదు. అయినా చాలా రోజులుగా మనసులో నలుగుతున్న మాట, రాసేస్తున్నాను.

చదువు కోసం రెండేళ్లు సాన్-దెనీలో ఉన్నాను. పారిస్‌ని ఉత్తరాన ఆనుకుని ఉన్న ఊరు. జిల్లా నంబరు 93. అక్కడి కుర్రాళ్లు దాన్ని తొంభై మూడు అనరు, అంకెలు విడదీసి ‘తొమ్మిది-మూడు’ అంటారు. ఎన్‌టీఎం పేరుతో పాడిన జోయీ స్టార్, కూల్ షెన్ ఆ ఊరివాళ్లే. నా గదికి వెళ్లే దారిలో ఒక ఫోన్ల షాపు ఉండేది, దాని స్పీకర్‌లో పొద్దుట నుంచి రాత్రి దాకా ర్యాపే. మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఏడాది గడిచాక కొద్దికొద్దిగా చెవికి పట్టుబడింది.

బయటి నుంచి చూసేవాళ్లకి ఈ పాటలంటే గంజాయి, పోలీసులతో గొడవ, ఖరీదైన కార్లు. అవి లేవని అనను. కానీ వినగా వినగా నాకు అన్నిటికంటే గట్టిగా వినిపించింది ఎదురుచూపు. అపార్ట్‌మెంట్ల కింద మెట్ల దగ్గర నిలబడి ఉండటం. ఉద్యోగం కబురు కోసం, కోర్టు తేదీ కోసం, జైల్లో ఉన్న అన్న కోసం, ఏదీ లేకపోతే ఊరికే సాయంత్రం కావడం కోసం.

1997లో దక్షిణ ఫ్రాన్స్ రేవు పట్టణం మార్సెయ్ నుంచి వచ్చిన ర్యాప్ బృందం ఐయామ్ ఒక ఆల్బమ్ తెచ్చింది. అందులో చివరి పాట ‘దమాఁ సె ల్వాఁ’, అంటే ‘రేపు చాలా దూరం’. దాదాపు తొమ్మిది నిమిషాల పాట, పల్లవి అనేదే లేదు. మొదటి సగం పాడేది షురికెన్, రెండో సగం అఖెనాటన్. కాంక్రీటు మధ్యలో, కార్ల పార్కింగ్‌లో పెరిగే పిల్లలు, పెద్దవాళ్ల చేతుల్లోకి డబ్బు ఎలా వస్తోందో కళ్లప్పగించి చూడటం, ఒక్కొక్కరే జారిపోవడం. మేం రేపటి గురించి ఆలోచించం, రేపు చాలా దూరం అంటాడు షురికెన్. మనమూ ‘రేపటి సంగతి రేపు చూసుకుందాం’ అంటాం. కానీ మన మాటలో ఒక నిశ్చింత ఉంటుంది. అక్కడ లేనిదే అది. ఈ రాత్రి గట్టెక్కితే చాలు అనుకునేవాడి మాట అది.

వీళ్ల పాటల్లో బతకడం అంటే ఇదేనని నాకనిపిస్తుంది. మీరేమంటారు?

బీట్_బాలు | శుక్రవారం, రాత్రి 10:15

సరైన పాటతో మొదలుపెట్టారు. ఆ ఆల్బమ్ పది లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. పల్లవి లేని తొమ్మిది నిమిషాల పాటని ఫ్రాన్స్‌లో ఒక తరం మొత్తం కంఠతా పట్టింది.

దీని వెనక ఒక చట్టం కథ కూడా ఉంది. రేడియోల్లో వేసే పాటల్లో 40 శాతం ఫ్రెంచ్‌వే ఉండాలని 1994లో చట్టం చేశారు, 1996 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంగ్లిష్ పాటల మీద బతుకుతున్న స్టేషన్లకు ఒక్కసారిగా ఫ్రెంచ్ సరుకు కావాల్సి వచ్చింది. స్కైరాక్ అనే స్టేషన్ పూర్తిగా ర్యాప్ వైపు తిరిగింది. భాషని కాపాడటానికి పెట్టిన చట్టం, భాషని తిరగేసి మాట్లాడే కుర్రాళ్ల గొంతుని దేశమంతా వినిపించింది. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

కరీంనగర్_కబుర్లు | శుక్రవారం, రాత్రి 11:02

అన్నా, మీ ప్రేమని తప్పుపట్టను. కానీ ఒక మాట అడగాలి. ఎదురుచూపు, బాధ అంటున్నారు, అది 1997. ఇప్పుడొచ్చే వీడియోలు చూస్తే ముఖాలకు ముసుగులు, చేతుల్లో నోట్ల కట్టలు, కుక్కలు, బైకులు. మార్సెయ్‌లో 2023 ఒక్క ఏడాదిలో మత్తుమందు ముఠాల గొడవల్లో 49 మంది చనిపోయారు. అందులో పిల్లలు కూడా ఉన్నారు. అంత చావు మధ్యలో ఉండి ఆ అమ్మకాన్నే పాటలో పొగిడితే అది సాక్ష్యం ఎలా అవుతుంది? ఇది గొడవ పెట్టుకోవడానికి కాదు, నిజంగా అడుగుతున్నాను.

యానాం_నాన్న | శనివారం, ఉదయం 6:50

ఎప్పుడూ చదవడమే కానీ ఇక్కడ రాయను. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మాది యానాం. 1954 వరకు ఫ్రెంచ్ వాళ్ల పాలనలో ఉన్న ఊరు కాబట్టి మా తాతగారి తరంలో కొందరికి ఫ్రెంచ్ పౌరసత్వం ఉండిపోయింది. అలా మా కుటుంబం ఇక్కడికి వచ్చింది. పారిస్‌కి ఉత్తరాన, తొమ్మిదో అంతస్తులో ఉంటాం. మా అబ్బాయికి పదహారేళ్లు. ఇక్కడే పుట్టాడు. ఇంట్లో తెలుగు అర్థం చేసుకుంటాడు, జవాబు ఫ్రెంచ్‌లో ఇస్తాడు. స్నేహితులతో మాట్లాడితే ‘వెష్’ అంటాడు, ‘వల్లా’ అంటాడు. అవి అరబిక్ మాటలు, ఇక్కడ ఏ రంగు పిల్లలైనా అవే మాట్లాడతారు. చెవుల్లో ఎప్పుడూ ర్యాపే, జుల్, పీఎన్‌ఎల్. వాళ్ల అమ్మకి, నాకు టెన్షన్. చదువు ఎక్కడ పక్కకి పోతుందో, కింద నిలబడే వాళ్లలో ఎక్కడ కలిసిపోతాడో అని.

మా బిల్డింగ్ కింద హాల్లో రోజూ నలుగురైదుగురు కుర్రాళ్లు ఉంటారు. గోడకి ఆనుకుని, ఒక కాలు వెనక్కి మడిచి గోడ మీద పెట్టి. ఆ గోడ మీద వాళ్ల బూట్ల మచ్చలు, మోకాలి ఎత్తులో ఒక నల్లటి చారలాగా పట్టేశాయి. ఆరేళ్లుగా వాళ్ల ముందు నుంచి తల దించుకుని వెళ్లిపోతున్నాను.

పోయిన నెల లిఫ్ట్ పాడైంది. నేను ఇరవై కిలోల బియ్యం బస్తా తెచ్చాను. మూడో మెట్టు దగ్గరే ఆయాసం వచ్చింది. వెనక నుంచి ఒకడు ఏమీ అడగకుండా బస్తా భుజానికెత్తుకుని పైకి ఎక్కేశాడు. తొమ్మిదో అంతస్తు. తలుపు ముందు పెట్టి, మంచినీళ్లు తాగమన్నా వినకుండా దిగిపోయాడు. వాడు ఏం చేస్తాడో నాకు తెలుసు. కింద వాడు దేని కోసం నిలబడతాడో కూడా తెలుసు. ఆ రోజు నుంచి నాకు వాళ్ల గురించి ఏమనుకోవాలో తెలియడం లేదు. మీ చర్చలో దానికేమైనా జవాబు దొరుకుతుందేమోనని రాస్తున్నాను.

వీధిబడి | శనివారం, ఉదయం 9:20

యానాం_నాన్న గారూ, ఇంత మనసు విప్పి రాసినందుకు నమస్కారాలు. మీ ప్రశ్నకి జవాబు చెప్పేంత వాడిని కాదు. కానీ మీరు చెప్పిన హాలు ఫ్రెంచ్ ర్యాప్ అంతటా ఉంది. ఎందుకుందో చెబుతాను.

యుద్ధం తర్వాత, ఇళ్లు చాలక, 1950ల నుంచి 70ల దాకా ఊళ్ల చివర పెద్ద పెద్ద గృహ సముదాయాలు కట్టారు. పారిస్ శివారు లా కూర్నవ్‌లో ఒక కాలనీకి పేరే ‘నాలుగు వేలు’, ఎందుకంటే అక్కడ నాలుగు వేల ఫ్లాట్లు కట్టారు. ఉత్తర ఆఫ్రికా నుంచి, పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన కార్మికులు కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ అలాంటి చోట్ల కుదురుకున్నారు. తర్వాత ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బూబా అనే ర్యాపర్ పెరిగిన బులోన్-బియాంకూర్‌లో రెనో ఫ్యాక్టరీ 1992లో మూసేశారు. ఓల్నేలో సిట్రోయెన్ ఫ్యాక్టరీలో 2013లో కార్ల తయారీ ఆగిపోయింది. పని పోయింది, బిల్డింగ్ మిగిలింది. ఇంట్లో ఇరుకు, జేబులో డబ్బులుండవు, బయట చలి. ఇక మిగిలేది హాలే. 2003లో ఆ హాల్లో గుంపుగా నిలబడి దారికి అడ్డం రావడాన్ని కూడా నేరం చేశారు, రెండు నెలల దాకా జైలు. అందుకే పాటల్లో ఆ చిన్న చోటు అన్నిసార్లు వస్తుంది. నిలబడటం తప్ప చేసేదేమీ లేని చోట నిలబడటమే నేరమైంది.

మీ అబ్బాయి విషయానికొస్తే, రెండు పాటలు చెబుతాను. ఐయామ్‌దే ఆ ఆల్బమ్‌లో ‘పెతీ ఫ్రేర్’, అంటే తమ్ముడు. నడక సరిగ్గా రాకముందే ఏడామడల బూట్లు కావాలనే పిల్లవాడి కథ. ఏడామడల బూట్లంటే వాళ్ల పిల్లల కథల్లో ఒక్క అడుగుకి ఏడామడలు దాటించే బూట్లు. పెద్దవాడైపోవాలనే తొందర. రెండోది ఎన్‌టీఎం 1998లో పాడింది: నీ కొడుకుని వీధిలో తిరగనివ్వకు అని నేరుగా తల్లిదండ్రులకే చెప్పే పాట. పోలీసులని తిట్టారని కోర్టుకెక్కిన మనుషులే అది పాడారు. మీ టెన్షన్ వాళ్లకూ ఉంది.

ఛందం_చదివినవాడు | శనివారం, ఉదయం 11:45

నాకు ఫ్రెంచ్ కొంచెమే వచ్చు. కానీ వీధిబడి గారు చెప్పిన ఆ తొమ్మిది నిమిషాల పాట పదాలు ముందు పెట్టుకుని విన్నాను. ఒళ్లు జలదరించింది. కారణం చెప్పాలి.

షురికెన్ భాగంలో ఒక వాక్యం ఏ మాటతో ముగుస్తుందో తర్వాతి వాక్యం ఆ మాటతోనే మొదలవుతుంది. ‘నవ్వు’ దగ్గర ఆగి, ‘నవ్వు’ నుంచే మొదలుపెట్టి, నవ్వు పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళతాడు. ‘పెరగడం’ అనే మాట దగ్గర ఆగి, మళ్లీ అక్కడి నుంచే ఎత్తుకుని కాంక్రీటులో పెరగడం గురించి చెబుతాడు. ఇది మన ముక్తపదగ్రస్తం! విడిచిన పదాన్ని మళ్లీ పట్టుకోవడం. మన పద్యాల్లో అది సొగసు కోసం వాడతారు, వింటుంటే హారంలా ఉంటుంది. ఇక్కడ అదే పద్ధతి గొలుసులా పనిచేస్తోంది. ఒక కష్టం కొస పట్టుకుని ఇంకో కష్టం వస్తోంది, మధ్యలో ఊపిరి పీల్చుకునే చోటు లేదు. పల్లవి ఎందుకు లేదో నాకు అప్పుడు అర్థమైంది. పల్లవి అంటే విశ్రాంతి కదా.

ఇంకో సంగతి, వాళ్లు మాటలు తిరగేస్తారు. అనుమానంగా ఉన్నదాన్ని ‘లూష్’ అంటే, దాన్ని తిప్పి ‘షెలూ’ అంటారు. కాలనీని ‘సితె’ అంటారు, అది ‘తెసీ’ అవుతుంది. మనం చిన్నప్పుడు పెద్దవాళ్లకి అర్థం కాకూడదని మాట్లాడుకున్న క భాష లాంటిది. తేడా ఏమిటంటే మనది వేసవి సెలవులతో అయిపోయింది, వాళ్లది నిఘంటువుల దాకా ఎక్కింది.

బీట్_బాలు | శనివారం, మధ్యాహ్నం 1:10

ఛందం గారూ, ముక్తపదగ్రస్తం గురించి చెప్పి నాకు పాతికేళ్ల పాటని కొత్తగా వినిపించారు.

మాటల గురించే ఇంకొంచెం. కష్టాన్ని వాళ్లు ‘గలేర్’ అంటారు. ప్రతి రెండో పాటలో వస్తుంది. అసలు అర్థం తెడ్లు వేసే ఓడ. పూర్వం ఖైదీలని గొలుసులతో కట్టి ఆ ఓడల్లో తెడ్లు వేయించేవారు. ఫ్రెంచ్ రాజుల అలాంటి ఓడలకి పెద్ద స్థావరం ఏ ఊరో తెలుసా? మార్సెయ్. ఆ ఊరి కుర్రాడు ఈ రోజు ‘గలేర్‌లో ఉన్నాను’ అంటే మన ‘గానుగెద్దు బతుకు’ అన్నట్టే. అదే చోట తిరగడం, ఎక్కడికీ చేరకపోవడం.

అమ్మకాల భాష కూడా చూడండి. సరుకు అమ్మే చోటుని ‘ఫూర్’ అంటారు, అంటే బట్టీ. పనికి పోవడాన్ని బొగ్గులోకి పోవడం అంటారు. కాపలా కాసే పిల్లవాడు ‘షూఫ్’, అరబిక్‌లో ‘చూడు’ అని. గ్లామర్ ఉన్న మాట ఒక్కటైనా ఉందా? అన్నీ కూలివాడి మాటలే. కరీంనగర్ గారికి నా జవాబు ఇదే. పాటలో నోట్ల కట్ట కనిపించొచ్చు, మాట మాత్రం చాకిరీ గురించే చెబుతోంది.

మీనాక్షి_లియాన్ | శనివారం, సాయంత్రం 5:30

పొద్దుటి నుంచి చదువుతున్నాను. కొడుకులు, తమ్ముళ్లు, అన్నలు. అమ్మాయిలు ఎక్కడ? వీధిలో బతకడం అనే మాటని అక్షరాలా బతికిన మనిషి గురించి ఒక్కరూ రాయలేదు.

కెనీ అర్కానా. మార్సెయ్‌లో పెరిగింది, మూలాలు అర్జెంటీనావి. చిన్నతనం అనాథ పిల్లల్ని ఉంచే హోముల్లో గడిచింది, అక్కడి నుంచి పదేపదే పారిపోయింది. 2006లో వచ్చిన ఆమె ఆల్బమ్ పేరుకి అర్థం సిమెంటుకి, నక్షత్రాలకి మధ్య అని. ఆరుబయట పడుకోవడాన్ని ఫ్రెంచ్‌లో నక్షత్రం కింద పడుకోవడం అంటారు. ఆ పేరు వినడానికి అందంగా ఉంటుంది, అర్థం తెలిశాక గుండె బరువెక్కుతుంది. కింద సిమెంటు, పైన ఆకాశం, మధ్యలో ఒక అమ్మాయి. ఆమె ర్యాప్‌లో అమ్మకాలుండవు, కార్లుండవు. కోపం ఉంటుంది, ఆ కోపం ఎప్పుడూ పైవాళ్ల మీదే, పక్కవాళ్ల మీద కాదు.

అదే ఏడాది డియామ్స్ అనే ఇంకో ర్యాపర్ అమ్మాయి ఆల్బమ్ ఫ్రాన్స్‌లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైంది. అన్ని రకాల సంగీతాలూ కలిపి. అంతకు ముందు శరదృతువులోనే, 2005 అక్టోబర్‌లో, క్లిషీ-సూ-బ్వాలో పోలీసుల నుంచి పారిపోతూ కరెంటు సబ్‌స్టేషన్‌లో దాక్కున్న ఇద్దరు పిల్లలు షాక్ కొట్టి చనిపోయారు. మూడు వారాలు దేశమంతా మండింది. ఆ తర్వాత జనం ఎక్కువగా కొన్న గొంతు ఒక ఆడపిల్లది. ఇంకా కేసీ ఉంది, మార్తినీక్ దీవి మూలాలు, ఆమె రాత ముందు చాలామంది మగవాళ్లు తేలిపోతారని నా నమ్మకం.

బతకడం అంటే మగపిల్లలు హాల్లో నిలబడటం ఒక్కటే కాదు. ఆ హాలు దాటుకుని రాత్రి డ్యూటీ నుంచి వచ్చే తల్లులు కూడా ఆ పాటల్లో ఉన్నారు. వెనక ఉన్నారు, అంతే.

కరీంనగర్_కబుర్లు | శనివారం, రాత్రి 8:05

మీనాక్షి గారూ, కెనీ అర్కానా పాటలు రెండు విన్నాను. భాష రాకపోయినా కోపం అర్థమైంది. బాలు అన్న చెప్పిన ‘బొగ్గు’ మాట కూడా బుర్రలో తిరుగుతోంది. మాటలు చాకిరీవే, ఒప్పుకుంటాను. అయినా నా భయం పోలేదు. పాట రాసేవాడికి ముప్పై ఏళ్లు, దూరంగా నిలబడి రాస్తాడు. వినేవాడికి పద్నాలుగు. వాడికి ఆ దూరం తెలియదు.

వీధిబడి | శనివారం, రాత్రి 9:15

ఆ భయం కొట్టిపారేసేది కాదు. ర్యాపర్లలోనే ఆ గొడవ ఉంది. నేను మీకు ఆదర్శమా అని తనని తాను నిలదీసుకుంటూ రోఫ్ 2000ల మొదట్లోనే పాట చేశాడు. ఓర్లీలో పెరిగిన కెరీ జేమ్స్, వీధి రాతలు రాసిన మనిషే, 2008లో మనం ఓడిపోవాలని ఎవరూ శిక్ష వేయలేదు అంటూ బస్తీ పిల్లలకి చెప్పాడు.

కానీ ఆ భయాన్ని పైవాళ్లు వాడుకున్న తీరు వేరు. 2005 అల్లర్ల తర్వాత రెండు వందల మంది చట్టసభ సభ్యులు కొన్ని ర్యాప్ బృందాల మీద చర్య తీసుకోమని న్యాయమంత్రిని కోరారు. వాళ్లు పేర్కొన్న వాటిలో కొన్ని అప్పటికే విడిపోయిన బృందాలు. అంతకు ముందు 2002లో లా ర్యూమర్ అనే ర్యాప్ బృందం సభ్యుడు హామే, పోలీసుల చేతుల్లో చనిపోయిన బస్తీ యువకుల గురించి ఒక వ్యాసం రాస్తే హోంశాఖ పరువునష్టం కేసు పెట్టింది. ఎనిమిదేళ్లు నడిచింది. 2010లో అత్యున్నత కోర్టు దాకా వెళ్లి చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. పాట కాదు, వ్యాసం. ఎనిమిదేళ్లు! ఎదురుచూపు అని నేను మొదట అన్నది ఇది కూడా.

బీట్_బాలు | ఆదివారం, ఉదయం 10:30

కొత్త తరం గురించి కరీంనగర్ గారి మాట మిగిలిపోయింది, అది కూడా రాస్తాను.

పీఎన్‌ఎల్ అంటే ఇద్దరు అన్నదమ్ములు. పారిస్‌కి దక్షిణాన కోర్బెయ్-ఎసోన్‌లో తార్తెరే అనే కాలనీ వాళ్లు. సొంతంగా పాటలు విడుదల చేసుకుంటారు, పేరొచ్చాక ఇంటర్వ్యూలు ఇవ్వనే లేదు. వాళ్ల పాటల్లో అమ్మకం ఉంది, కానీ అందులో ఆనందం లేదు. గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు, అలసిపోయి ఉంటుంది. మోగ్లీ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది, అడవిలో పెరిగి ఊళ్లో ఇమడని పిల్లవాడు కదా. 2019లో ఈఫిల్ టవర్ మీద నిలబడి వీడియో తీశారు. అంత ఎత్తున నిలబడి, ఇద్దరి ముఖాల్లో ఒక్క నవ్వు లేదు. గెలుపు పాట అలా ఉండదు.

జుల్ ఇంకో దారి. మార్సెయ్‌వాడు, అతనూ సొంత లేబుల్. 2020లో ఊళ్లో ఉన్న యాభై మంది దాకా ర్యాపర్లని ఒక్కచోట చేర్చి ఆల్బమ్ తీశాడు. మీరు చెప్పిన ఆ చావులున్న ఊళ్లోనే, వేర్వేరు బస్తీల వాళ్లని ఒక పాటలో నిలబెట్టాడు. 2024 మే 8న ఒలింపిక్ జ్యోతి గ్రీస్ నుంచి ఓడలో మార్సెయ్ రేవుకి వచ్చినప్పుడు, అక్కడి కుండలో జ్యోతి వెలిగించింది అతనే.

యానాం_నాన్న గారూ, మీ అబ్బాయి వింటున్నది వీళ్లిద్దరినే. మీరూ ఒక సాయంత్రం వాడితో కూర్చుని వినండి. వాడు మీకు మాటలు చెబుతాడు.

యానాం_నాన్న | సోమవారం, రాత్రి 10:40

నిన్న విన్నాం. ముందు వాడికి సిగ్గేసింది, నాన్న ఎందుకు అడుగుతున్నాడా అని. ‘తమ్ముడు’ పాట పెట్టమన్నాను. అది పాత పాట అన్నాడు కానీ, పెట్టాక చూస్తే ప్రతి మాటా వాడికి నోటికి వచ్చు. ఆపి ఆపి చెప్పాడు. తెలుగులో మాట దొరకనప్పుడు చేతులతో చూపించాడు. ఏడామడల బూట్ల దగ్గర ‘నువ్వు నన్ను ఇదే అంటావు కదా’ అన్నాడు. నేనేం మాట్లాడలేదు. తర్వాత గలేర్‌ని తెలుగులో ఏమంటారని అడిగాడు. గానుగెద్దు అని చెప్పాను. ఎద్దు తెలుసు, గానుగ చూడలేదన్నాడు. ఫోన్‌లో వెతికి చూపించాను. ఎద్దు కళ్లకి గంతలు ఎందుకు కట్టారని చాలాసేపు అడిగాడు.

పడుకునే ముందు వాళ్ల అమ్మకి కూడా ఆ బొమ్మ చూపించాడు.

ఈ రోజు సాయంత్రం పని నుంచి వస్తుంటే బియ్యం బస్తా మోసిన అబ్బాయి హాల్లోనే ఉన్నాడు. ఈసారి నేనే ముందు పలకరించాను. జేబులోంచి చేయి తీసి నా చేయి అందుకున్నాడు. చల్లగా ఉంది. ఎప్పటి నుంచి నిలబడ్డాడో. పేరు అడిగితే చెప్పాడు. తన తల్లి పదకొండో అంతస్తులో ఉంటుందట, మోకాళ్ల నొప్పులట, లిఫ్ట్ పోయిన రోజు నుంచి కిందికి దిగలేదట.